తెల్లచీరల ఆదివారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బళ్ళో పిల్లలకి తెలుసు, ఇంట్లోవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. కానీ మా సంఘం ఆడవాళ్ళందర్నీ కలిపి, చర్చి గుమ్మంలో నిలబడి కడిగేసింది మాత్రం ఒక్కసారే. అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అంత మంచి మనసులు పెట్టుకుని అంత తెలివితక్కువ పని చేసినవాళ్ళని ఏమనాలి మరి?

ఎదుర్లంక వంతెన వేసి, గోదావరి దాటడానికి పంటి ఎక్కే బాధ తప్పిన కొత్తలో సంగతి ఇది. మా ఆయన అన్నగారి భార్య అగ్రహారం అనే పేటలో ఉండేది. నాకు తోటికోడలు, అక్కా అని పిలిచేదాన్ని. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే మనిషి. ముట్లు ఆగిపోయిన ఎన్నో ఏళ్ళకి మళ్ళీ రక్తం కనపడితే, ఎవరికీ చెప్పకుండా గుడ్డలు పెట్టుకుని చేలోకి దిగింది. వాసన దాచలేని స్థితి వచ్చాక నాకు చెప్పింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసే వేళ దాటిపోయింది, కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ని మావైపు కరెంటు పెట్టడమనే అంటారు.

"ముందు బయటనుంచి పెడతాం, అదయ్యాక లోపల పెట్టేది ఉంటుంది. రెండూ పూర్తయితే నయమవడానికి అవకాశం ఉంది. మధ్యలో మానేశారో, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే" అంది డాక్టరమ్మ. ఆ మాట నా చెవిలో జోరీగలాగా ఉండిపోయింది.

వైద్యం ఉచితమే. కానీ రోజూ కాకినాడ ఎవరు తీసుకెళ్తారు? నాకు బడి. మా బావగారి సంగతి చెప్పుకోకపోతేనే మర్యాద. యానాంలో మందు చవక, ఆయనకి అదొక్కటే తెలిసిన అదృష్టం. "ఆడరోగం, మీ ఆడాళ్ళే చూసుకోండి" అని అరుగు మీద బీడీ ముట్టించాడు. అక్క కూలికి వెళ్ళకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పుడు మా స్త్రీల సమాజం ముందుకొచ్చింది. మా సంఘంలో ఒక పద్ధతుంది. అన్నానికి ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. ఆదివారం అది చర్చికి తెస్తుంది. ఆ పిడికిలి బియ్యం అప్పట్నుంచి అక్క ఇంటికే వెళ్ళాయి. బస్సులో తోడుకి వంతులు వేసుకున్నారు. చేపలమ్మే ఆవిడ, బ్యాంకు ఉద్యోగం చేసే ఆవిడ, నాట్లకెళ్ళేవాళ్ళు, అందరూ. కరెంటు పెట్టేముందు కడుపు నిండా నీళ్ళు తాగి బిగపట్టుకోవాలి. గతుకుల రోడ్డు మీద ఆ బాధ చూసిన ఏ ఒక్కరూ తమ వంతు తప్పించుకోలేదు. ఒకసారి బస్సులో పక్కసీటు పెద్దమనిషి కొంగులాగా కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, నేను వెళ్ళిన రోజది, "మీ అమ్మ కూడా ఇలాగే కన్నది బాబూ మిమ్మల్ని" అనేశాను. ఆయన దిగాల్సిన చోటు రాకుండానే దిగిపోయాడు.

బయటి కరెంటు అయిపోవచ్చింది. రక్తం ఆగింది. ఇక లోపలిది మిగిలింది, సోమవారమే రమ్మన్నారు. దానికి ముందు ఆదివారం మా సమాజానికి ఒక ఆలోచన వచ్చింది. అందరం కలిసి వెళ్ళి ప్రార్థన చేసి, ధైర్యం చెప్పి వద్దామని. నేను ఆ వారం మా అమ్మని చూడ్డానికి వెళ్ళాను, లేకపోతే అడ్డం పడుకునేదాన్ని.

అది బల్లారాధన ఆదివారం, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. మా ఆడవాళ్ళందరూ ఒకేలాంటి తెల్లచీరలు కట్టేది రెండు వేళల్లో. ఒకటి ప్రభువు బల్ల ఉన్న ఆదివారం. రెండోది, సంఘంలో ఎవరైనా పోతే సమాధుల దొడ్డికి సాగనంపేటప్పుడు. ఆరాధన అవగానే, చీరలు మార్చుకునే పనేముంది అనుకున్నారు కాబోలు, ఇద్దరిద్దరు చొప్పున వరసకట్టి, పాటల పుస్తకాలు పట్టుకుని, పాడుకుంటూ అగ్రహారం వీధిలోకి వచ్చారు. అరటిపళ్ళు, బ్రెడ్డు పొట్లాలు, బియ్యం మూట.

అక్క వాకిట్లో తల ఆరబెట్టుకుంటోంది. ఎదురింటి ముసలమ్మకి చూపు సరిగ్గా ఆనదు. తెల్లచీరల వరస కనపడేసరికి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి, "ఓరి నా తల్లో, ఎప్పుడు పోయిందమ్మా!" అని అక్క చెయ్యే పట్టుకుని అడిగింది.

నేను తిరిగొచ్చేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకునుంది. "డాక్టరమ్మ మీ అందరికీ చెప్పేసింది. నాకే చెప్పలేదు. సాగనంపడానికి వచ్చేశారుగా? ఇంక నన్ను వదిలెయ్యి. ఆ ఇనుపముక్కలు లోపల పెట్టించుకుని ఆసుపత్రి బల్ల మీద పోను, నా ఇంట్లోనే పోతాను" అంది. బతిమాలాను. తిట్టాను. ఏడ్చాను. సోమవారం వెళ్ళలేదు. మంగళవారమూ వెళ్ళలేదు. ఆలస్యమైతే పనికిరాదని ఆసుపత్రికి ఫోన్ చేస్తే చెప్పారు.

ఆ సాయంత్రం కూడికకి వచ్చినవాళ్ళని చర్చి గుమ్మంలోనే ఆపాను. "బతికున్న మనిషికి భూస్థాపన చేసొచ్చారు కదమ్మా! పాట కూడా పాడారా? పెట్టె ఒక్కటీ మర్చిపోయారే!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయలేను. కొందరు ఏడ్చారు. అందరం మామ్మగారు అని పిలిచే సమాజం పెద్దావిడ మాత్రం ఏడవలేదు. డెబ్భై దాటిన మనిషి. పడుచుతనంలోనే భర్త పోయాడు, అప్పట్నుంచి తెల్లచీర తప్ప ఇంకోటి ఆవిడ ఒంటిమీద చూసినవాళ్ళు లేరు. నేను చెప్పిందంతా విని, "పొరపాటు చేశాం" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నేను అక్క దగ్గరే ఉన్నాను. వీధిలో గుసగుసలు వినపడ్డాయి. తొంగిచూస్తే మామ్మగారు. చిలకాకుపచ్చ చీర, ఎర్రంచు, ఒళ్ళంతా పువ్వులు. కోడలి చీరని తర్వాత తెలిసింది. చర్చి దగ్గర్నుంచి అంత దూరం అందరూ చూస్తుండగా నడిచొచ్చింది. "ఈ వయసులో సోకులేంటి?" అని ఎవరో వినపడేలాగే అన్నారు. ఆవిడ తల తిప్పలేదు.

వచ్చి మంచం దగ్గర నిలబడింది. "ఇటు తిరుగమ్మా. నీకు చావు కనపడింది మా చీరల్లోనే కదా? ఇదిగో, తీసేశాను. నీ వైద్యం అయ్యేదాకా తెల్లది ముట్టను. లే, బస్సు వెళ్ళిపోద్ది."

అక్క తిరిగి చూసింది. "బాబోయ్ మామ్మగారూ, పెళ్ళికూతుర్లాగా ఉన్నారండీ" అంది. నవ్వొచ్చి, ఆ నవ్వులోనే ఏడుపొచ్చి, లేచి కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

లోపలి కరెంటు పూర్తయ్యేదాకా మామ్మగారే తోడెళ్ళింది, ఎవరికీ వంతు ఇవ్వలేదు. ఆఖరి రోజు డాక్టరమ్మ అక్కతో, "ఇక్కడికి అయింది. మూడు నెలలకోసారి చెకప్పుకి మాత్రం రావాలి" అంది. "అంటే ఇంకా అవలేదన్నమాట" అంది మామ్మగారు. డాక్టరమ్మకేం అర్థమవుతుంది!

ఆవిడ అన్నంత పనీ చేసింది. మళ్ళీ తెల్లచీర కట్టలేదు. బల్లారాధనకి కూడా రంగుచీరలోనే వచ్చింది. పాస్టరుగారు మొహమాటపడుతూ ఏదో అనబోతే, "చీర చూసి రొట్టె ఇస్తాడా అండీ ప్రభువు?" అంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అక్క కోలుకుని మెల్లగా చేలోకి దిగింది. ప్రతి చెకప్పుకీ ఇద్దరూ కలిసి వెళ్ళి, కాకినాడలో కాజా తిని వచ్చేవారు.

కొన్నేళ్ళకి, ఓ వానాకాలం మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న మామ్మగారు మరి లేవలేదు. మేం స్నానం చేయించాం. కొడుకులు కొత్త తెల్లచీర తెచ్చారు. పోయినవాళ్ళకి అదే కట్టాలి, తరాలనుంచి ఉన్న ఆచారం. నేను చీర మడత విప్పుతున్నాను. అంతలో అక్క వచ్చింది, చేలోంచి అటే వచ్చినట్టుంది, కాళ్ళకి బురద అలాగే ఉంది. నా చేతిలో చీర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది కట్టకండి" అంది. పెద్దకొడుకు ఏదో చెప్పబోయాడు. అక్క ఆయన వైపు చూడలేదు. "వచ్చే నెల నాకు చెకప్పు ఉంది. నా వైద్యం ఇంకా అవలేదు. ఆవిడ మాట ఇచ్చింది, పోయాక మీరు తప్పించకండి."

పెద్దకొడుకు లోపలికెళ్ళి రంగుచీర తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఇద్దరం కలిసి కట్టాం. కుచ్చిళ్ళు పెట్టింది అక్కే.