పిప్పి నింపిన పాతర

నన్ను బోధన్ దిక్కు ఇచ్చేటప్పుడు మా బాపు పొలం ఎంతని అడగలేదు, పిల్లవాడు ఏం చదివాడని అడగలేదు. ఆ ఇంట్లో పాతర ఉందని విన్నాడు, అది చాలనుకున్నాడు. మాది సిరికొండ పక్కన గుట్టల నడుమ ఊరు. వానలు కురిస్తే జొన్నరొట్టె, లేకపోతే పస్తు. పాతర ఉన్న ఇంట్లో పడితే బిడ్డ ఆకలికి ఏడవదని ఆయన నమ్మకం. నేనూ అదే నమ్మి మురిసిపోతూ బండెక్కాను.

పాతర అంటే ఏమిటో ఇప్పుడు నా మనుమరాండ్లకు విడమరిచి చెప్పాల్సి వస్తున్నది. ఇంటి ఆవరణలో రెండు నిలువుల లోతు గుంత తవ్వేవాళ్లు. మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండేది. చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, పైన మట్టి కప్పి అలికేస్తే రెండు మూడేళ్లయినా గింజ చెడేది కాదు. తెరిచే రోజు మాత్రం ముందుగా తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరిపోయిందంటే లోపల గాలి చెడ్డదని గుర్తు. అప్పుడు మనిషన్నవాడు దిగకూడదు. పాతర మూసిన రోజు జొన్నపేలాలు వేయించి వీధి వీధంతా పంచడం ఆనవాయితీ. ఆ పేలాలు తిన్నవాళ్లకు ఫలానా ఇంట్లో ఈ ఏడు కూడా గింజ ఉందన్న ధైర్యం.

పాతర ఉందని అందరికీ తెలియాలి, ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియకూడదు. నిజాం కాలంలో లెవీ కింద ధాన్యం ఎత్తుకుపోయేవాళ్ల కంట పడకుండా దాచుకున్నప్పటి అలవాటు అది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ లెవీలూ లేవు, ఆ రాజ్యమూ లేదు. అప్పటికి తెలుగువాళ్లందరికీ కలిపి కొత్త రాష్ట్రం వచ్చి మూడేళ్లు. అయినా మా అత్తగారింట్లో పాతర చోటు గురించి గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లు.

మొదటి ఏడు పేలాలు నేనే వేయించాను. వేయించిన పేలాలు చేటలోకి ఎత్తుతూ, ఈసారి పాతరలో ఎన్ని బస్తాలు పోశారని మా అత్తను అడిగాను. ఆమె వాకిలి తలుపు గొళ్లెం పెట్టి వచ్చి, కొట్టం మూలకు తీసుకుపోయి కాలితో నేల తట్టి చూపించింది. లోపల జొన్నలు లేవు, చెరుకు పిప్పి ఉంది. ఊరి పక్కకు పిల్లకాలువ తవ్వి నిజాంసాగర్ నీళ్లు వదిలాక నేలంతా ఊటెక్కిందట. ఒక ఏడు పాతర తెరిస్తే గింజంతా నల్లగా బూజు పట్టి ఉందట. మా మామ దాన్ని ఎత్తిపోసి, బెల్లం గానుగ దగ్గర గుట్టగా పడి ఉన్న పిప్పిని బండ్లకొద్దీ తెచ్చి నింపి, తొక్కించి, పైన మోకాలి మందం మట్టి పరిపించాడు. మట్టితోనే నింపవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అన్ని బండ్ల మట్టి తోలితే ఊరంతా చూస్తుంది, పాతర పూడ్చారని తెలిసిపోతుంది. పిప్పి అయితే పశువులకు పరుపుకని చెప్పవచ్చు.

ఊళ్లో మా మామను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పాతర పటేలు అనేవాళ్లు. ఆ పిలుపు వినపడితే చాలు, ఆయన తలపాగా సర్దుకునేవాడు. చెడ్డవాడు కాదు. కోడలినని నన్ను ఒక్కనాడు కసిరింది లేదు. కానీ పాతర ఖాళీ అయిందని చెప్పడం ఆయన వల్ల కాలేదు. అందుకని ఏటేటా ఏమీ మూయకుండానే పేలాలు పంచుతూ వచ్చాం. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఎనిమిదేళ్లు నా చేతులతోనే వేయించాను. మా బాపు వచ్చినప్పుడు ఆయన ఒళ్లో కూడా దోసెడు పోశాను. కళ్లకద్దుకుని తిన్నాడు.

పిప్పి మట్టి కాదు, కుళ్లుతుంది. వానకాలం వచ్చిందంటే కొట్టం మూల జానెడు కుంగేది. మా మామ తెల్లారకముందే లేచి నాలుగు తట్టల మట్టి పోసేవాడు, నేను పేడతో అలికేదాన్ని. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు.

వానలు మొండికేసిన ఏడు ఊరివాళ్లు గింజల కోసం మా గడప తొక్కారు. మా మామ నిజామాబాద్ గంజి మార్కెట్ నుంచి జొన్నలు తెప్పించి, పాతరలోవే అన్నట్టు చేటలతో కొలిచి ఇచ్చాడు. పాతర జొన్నలకు ఒక వాసన ఉంటుంది, ముగ్గిన వాసన, కడిగినా పోదు. ఈ జొన్నలకు ఆ వాసన లేదు. మా పక్కింటి దూదేకులామె దోసిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వంక చూసింది. కొంగులో పోసుకుని పోయింది.

ఆమె పెనిమిటి పరుపులు, బొంతలు కుట్టేవాడు. బోధన్ నుంచి వచ్చి మా గోడ పక్క ఖాళీ జాగాలో ఇల్లు వేసుకున్నారు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఏకిన దూది వంటింట్లోకి ఎగిరి అన్నంలో పడుతోందని, దూదికి వేరే ఒక గది వేసుకుంటాననీ, మీ గోడకే ఆనించుకుంటే ఒక గోడ ఖర్చు తప్పుతుందనీ మా మామను అడిగాడు. మా మామ కాసేపు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. పాతర కడుపు ఆ గోడ కిందికి పోయి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. చివరికి వేసుకొమ్మన్నాడు. అప్పుడు నేను అరుగు మీద బియ్యం చెరుగుతున్నాను. చేట ఆపలేదు.

లోపలికి వచ్చాక మెల్లగా అడిగాను, గోడ బరువుకు నేల ఆగుతుందా అని.

"తొక్కిచ్చిన బిడ్డా. రాయి లెక్క అయింది," అన్నాడు.

రాయి అయితే ఏటా నాలుగు తట్టల మట్టి ఎక్కడికి పోతున్నదని నేను అడగలేదు. అడగాల్సింది.

గది లేచిన రెండో ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. కాలువ నిండుగా పారుతున్నది. ఆ ఏడు మట్టి ఎన్ని తట్టలు పోసినా కొట్టం మూల తాగేసింది. అయిదో రోజు పొద్దున, నేను పొయ్యి ముట్టిస్తుంటే, నిండు బండి బోర్లా పడ్డట్టు చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే కొట్టంలో సగం లేదు. మా గోడ లేదు. దూది గది లేదు. రెండు బండ్లు పక్కపక్కన దిగబడేంత గుంత, దాంట్లోంచి పులిసిన కుళ్లు వాసన. మా ఎడ్లు పొలానికి పోయి ఉండబట్టి బతికాయి. దూదేకులన్న ఆ గదిలోనే పని చేసుకుంటున్నాడు. గుంత నడుమ, మట్టిపెళ్లల్లో నడుము దాకా కూరుకుపోయి, దూలం కింద కాలు ఇరుక్కుని మూలుగుతున్నాడు. ఒళ్లంతా తడిసిన దూది. ఆయన భార్య గుంత ఒడ్డున కూర్చుని చెంపలు కొట్టుకుంటున్నది.

ఊరంతా చేరింది. ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. పాత బావి ఏదో ఉండి ఉంటుందన్నారు కొందరు. కాలువ ఊట మట్టిని తినేసిందన్నారు మరికొందరు. మా పాతర అనుకున్నవాళ్లు, కనీసం పైకి అన్నవాళ్లు, ఒక్కరూ లేరు. నిండా గింజలున్న పాతర ఎందుకు కూలుతుంది?

దూలం కింది కొన గుంత అడుగున, పాతర కడుపులో ఉంది. దాన్ని ఎత్తాలంటే అక్కడిదాకా దిగాలి. మా మామ తలపాగా విప్పి పక్కన పెట్టి, తాడు నడుముకు కట్టుకున్నాడు. పడుచువాళ్లు మేం దిగుతామంటే ఒప్పుకోలేదు.

"నా గోడ కూలింది. నేనే దిగుత," అన్నాడు.

పాతర తెరిచే రోజు ముందుగా దీపం దించే సంగతి నాకు గుర్తుకు వచ్చింది. లోపలికి ఉరికి, కందిలి ముట్టించి తెచ్చాను. పట్టపగలు గుంతలోకి దీపం దించుతున్నారంటే అది పాతర అని మా దిక్కు ఏ మనిషికైనా తెలిసిపోతుంది. కందిలి చేతిలో పట్టుకుని మా మామ ముందు నిలబడ్డాను. ఆయన దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చాలా చిన్నగా ఊపాడు, నాకు తప్ప ఎవరికీ తెలియనంత చిన్నగా.

నేను ఆగిపోయాను. కొంగు చాటుకు కందిలి పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన దూలం పట్టుకుని దిగాడు. దూదేకులన్న భుజం తట్టి, ఏదో చెప్పి, ఇంకా కిందికి వంగాడు. దూలం ఒకసారి కదిలింది. తర్వాత కదల్లేదు. పైనుంచి పిలిస్తే పలకలేదు. తాడు లాగితే దూలం కింద ఎక్కడో తట్టుకుని రాలేదు. అంతలో పొలం నుంచి మా ఆయన ఉరికివచ్చి, ఏమీ అడగకుండా రెండో తాడు కట్టుకోబోయాడు. అప్పుడు నోరు తెరిచాను. ఎనిమిదేళ్లలో ఊరి పెద్దల ముందు నా గొంతు లేవడం అదే మొదలు.

"దిగకుండ్రి. అది బావి గాదు, మా పాతర. జొన్నలు లెవ్వు, చెరుకు పిప్పి నింపినం. లోపట గాలి చెడ్డది. దీపం దింపి సూడుండ్రి."

మా అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కందిలి దించారు. దూదేకులన్న ఉన్న చోటు దాటి కిందికి పోగానే ఆరిపోయింది.

వేపకొమ్మలు తాడుకు కట్టి దించుతూ, ఎత్తుతూ లోపలి గాలిని కలిపారు. దీపం ఆరకుండా నిలిచేదాకా ఎవరినీ దిగనివ్వలేదు. ముందు దూదేకులన్నను తీశారు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. తర్వాత మా మామను తీశారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. పడుకున్నట్టే ఉన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద, ఆ పేలాల మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ కందిలి చాటుకు పెట్టుకున్న నా చేతుల మీద. దినాలు కాగానే మిగిలిన పిప్పి తోడించి, పట్టపగలు బండ్లతో మట్టి తోలించాం. మూతి ఉన్న చోట నేను సున్నంతో గుండ్రంగా గీత గీశాను. మరునాడు ఎదురింటి ముసలవ్వ వచ్చి కొంచెం సున్నం అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఆ తర్వాత ఇంకో ఇంటివాళ్లు వచ్చారు, ఇంకో ఇంటివాళ్లు. వాళ్ల కొట్టాల్లో, వాకిళ్లలో, ఒక ఇంట్లో అయితే పిల్లలు పడుకునే అర్రలోనే, సున్నపు గీతలు పడ్డాయి. అన్నిట్లో పిప్పే. అందరం అందరికీ పేలాలు పంచుకుంటూ వచ్చాం.

దసరా దాటాక దూదేకులన్న కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను లేచి కాళ్లు పట్టుకోబోయాను. ఆయన వెనక్కి జరిగి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు.

"పాతరల గింజలు లెవ్వని మాకు ఎరుకే చెల్లె. కరువు ఏడు పటేలు ఇచ్చిన జొన్నలకు పాతర వాసన లేకుండె. మా ఇంటామె గప్పుడే అన్నది. ఎరుక లేంది ఒక్కటే, పాతర ఏ జాగల ఉన్నదో. చెప్తే నేను గోడ జర అవుతల పెట్టుకుందు."

అవుతల అంటూ ఆయన కర్రతో జాగా చూపించాడు. అది మా గోడ ఉన్న చోటుకు పది అడుగుల దూరం కూడా లేదు.