ఎస్తేరు రాణి శవాన్ని ముట్టుకున్న రోజు

అమెరికా దక్షిణాదిన మా చింకపిన్ కౌంటీలో ఒక కంచరగాడిద బైబిలు మీద డెక్క పెట్టి ప్రమాణం చేసి, హత్య చేసింది తానేనని నలుగురి ముందూ ఒప్పుకుంది. నేను కళ్ళారా చూశాను.

సరే, బైబిలు మాట కాస్త ఎక్కువే. కాన్వెంటులో మాకు చదువు చెప్పిన సిస్టర్లు అబద్ధానికి అరచేతి మీద బెత్తంతో కొట్టేవాళ్ళు. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది కాబట్టి ప్రమాణం సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. పెట్టింది డెక్క కూడా కాదు, మూతి. ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకుంది. దాని చేత ఒప్పించినవాడు కమ్మరి ఎజ్రా లాంగ్‌షోర్.

ఎజ్రాకు మెడ ఉండేది కాదు. తల నేరుగా భుజాల మీద కూర్చుని ఉండేది. మా నల్లవాళ్ళకు బానిసత్వం నుంచి స్వేచ్ఛ రాకముందు తెల్లదొర కొలిమిలో, వచ్చాక సొంత కొలిమిలో, అదే సుత్తి. మాకు ఓట్లు వచ్చిన తొలి ఎన్నికల్లో షెరీఫ్ పదవి కోసం, శాసనసభ కోసం జనం తోసుకున్నారు గానీ కరోనర్ పదవి వైపు ఎవరూ చూడలేదు. పోయినవాడు ఎలా పోయాడో శవం ముందు నిలబడి తేల్చే పని ఎవరికి కావాలి? చివరికి చర్చి పెద్దలు కొలిమి దగ్గరికి వచ్చి అడిగారు.

"శవాలంటే భయమా, బ్రదర్ లాంగ్‌షోర్?"

"భయమెందుకు? అవి కాళ్ళు జాడించవుగా. పొద్దస్తమానం నాకు జాడించేవాటితోనే పని," అన్నాడు ఎజ్రా. అలా కరోనర్ అయ్యాడు.

పనికి కొరత లేదు. మా కౌంటీలో ఆ రోజుల్లో మంచం మీద పోయేవాణ్ణి సోమరిపోతు అనుకునేవాళ్ళం. కత్తులు, సారా, ఏరు, పత్తి మిల్లు, ఇవి జనాన్ని తమలో తాము పంచుకునేవి. పంచనామాకు జ్యూరీ కావాలంటే దారిన పోయేవాళ్ళను పట్టుకుని నిలబెట్టే హక్కు కరోనర్‌కు ఉంది. అందుకని ఎజ్రా బండి కనబడితే మగవాళ్ళు పత్తిచేలో బోర్లా పడుకునేవాళ్ళు. ఒకాయన ఏకంగా బావిలోకి దిగాడు. ఎజ్రా బావి గట్టు మీద కూర్చుని, ఆయన పైకి వచ్చేదాకా తీరిగ్గా చుట్ట కాల్చుకున్నాడు.

నిమ్రాడ్ సూబర్ పోయిన మర్నాడు పొద్దున నేను కూడా అలాగే దొరికాను. గుడ్ల బుట్టతో అంగడికి వెళ్తున్నాను.

"ఎక్కు," అన్నాడు ఎజ్రా, బండి ఆపి.

"గుడ్లు పాడైపోతాయి, అంకుల్ ఎజ్రా."

"నిమ్రాడ్ వాటికంటే ముందు పాడవుతాడు. ఎక్కు."

సూబర్ల ఇంట్లో రెండు గదుల మధ్య ఉన్న నడవలో బల్ల మీద నిమ్రాడ్ పడుకుని ఉన్నాడు. నుదురు మీద లోతుగా సొట్ట. పశువుల దొడ్డిలో పడి ఉంటే చూశారట. అలా చూసిన వేళకు ఇంటి దగ్గర ఉన్నది అతని భార్య కెజీయా ఒక్కతే.

నిమ్రాడ్‌ది దురుసు చెయ్యి. పెళ్ళానికీ పశువుకూ తేడా చూపించేవాడు కాదు. ముందటి ఆదివారం చర్చి వాకిట్లో, వాచిన పెదవితో, అందరూ వింటుండగా కెజీయా అంది: "ఇంకోసారి నా మీద చెయ్యి వేశావంటే నీ శవాన్ని కడిగేది నేనే." ఇప్పుడు కడిగింది. జనానికి ఇంకేం కావాలి? నిమ్రాడ్ తమ్ముడు బరెల్ ఆమెను పట్నం జైలుకు తీసుకుపోవడానికి అప్పటికే బండి కట్టి ఉంచాడు. జ్యూరీ నోట ఆమె పేరు వస్తే ఆ బండి, బండి తర్వాత ఉరితాడు.

ఎజ్రా టోపీ తీసి శవానికి "గుడ్ మార్నింగ్, నిమ్రాడ్," అన్నాడు. అందరు శవాలకూ అలాగే అంటాడు. తర్వాత కళ్ళు మూసుకుని సొట్టను వేలితో తడిమి చూశాడు.

"లాడం. నేను కొట్టిన లాడమే. ఎస్తేరు రాణి ఎడమ వెనకకాలు," అన్నాడు.

ఎస్తేరు రాణి అంటే నిమ్రాడ్ కంచరగాడిద.

జ్యూరీ పెద్ద, చర్చి డీకన్ టైటస్ గొంతు సవరించుకున్నాడు. "కావచ్చు, బ్రదర్. అయితే లాడాన్ని చేత్తో పట్టుకుని కూడా కొట్టొచ్చుగా? అదిగో, తలుపు మీద ఒకటి వేలాడుతోంది."

"అలా అడుగు!" అన్నాడు బరెల్. "మాటలెందుకు? శవాన్ని ముట్టుకోమనండి దాన్ని. రక్తమే చెప్తుంది."

చంపినవాడి చెయ్యి తగిలితే శవం రక్తం కారుస్తుంది. మా వాళ్ళకు అది సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటిది. ఎజ్రా ఎంత చెప్పినా ఆ వాకిట్లో ఒక్కరూ కదల్లేదు. ముట్టుకోవడం అయ్యేదాకా తీర్పు చెప్పేది లేదన్నాడు టైటస్. నేను కెజీయా వైపు చూశాను. ఆమె గోడకు ఆనుకుని, రెండు చేతులూ నడుముకు కట్టుకున్న ఏప్రన్‌లో దాచుకుంది.

ఎజ్రా దగ్గరికి వెళ్తే మెల్లగా అంది: "నేను కొట్టలేదు, అంకుల్. కానీ చావాలని కోరుకున్నాను. రోజూ కోరుకున్నాను. రక్తానికి ఆ తేడా తెలుస్తుందంటావా?"

ఎజ్రా బల్ల దగ్గరికి వెళ్ళి దాని చుట్టూ ఒకసారి తిరిగి, జనం వైపు మళ్ళాడు. ముఖంలో కొలిమి రాజుకున్నప్పటి తృప్తి కనబడింది.

"సరే. ఆచారమంటే ఆచారమే. కానీ సగం ఆచారం నా దగ్గర కుదరదు. డీకన్, మీ నాన్నగారు ఈ ముట్టుకోవడాలు చాలా జరిపించారుగా. ఎవరెవరు ముట్టుకోవాలనేవారు?"

"ప్రాణం పోయినప్పుడు ఆ చోట ఊపిరున్న ప్రతిదీ," అన్నాడు టైటస్ గర్వంగా.

"ప్రతిదీ. అందరూ విన్నారుగా? అయితే ఎస్తేరు రాణిని తోలుకురండి."

బరెల్ ఎగిరిపడ్డాడు. "కంచరగాడిదనా? మతి పోయిందా నీకు?"

"ఏం, దానికి ఊపిరి లేదా? నీకంటే గట్టిగానే పీలుస్తుంది. పైగా నీ వదిన కంటే ముందు ఈ ఇంటికి వచ్చింది. పెద్దరికం దానిదే, ముందు అదే ముట్టుకుంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. టైటస్ మాత్రం నవ్వలేదు. నాన్న మాటను ఎలా కాదంటాడు?

ఎస్తేరు రాణి నడవలోకి వచ్చింది. చెక్కల మీద డెక్కల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అది నిమ్రాడ్ పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చింది. గడ్డం కింద మూతి పెట్టి ఒక్క నెట్టు నెట్టింది. బల్ల ఒరిగింది, శవం తల పక్కకు వాలింది. ముక్కులోంచి నల్లటి రక్తం జారి చెక్కల మీదికి కారింది.

బల్ల కాలు అంతకుముందే కాస్త జరిగి ఉందనీ, దాని పక్కన ఎజ్రా బూటు ఉందనీ ఒకరిద్దరు తర్వాత గొణిగారు. నాకు తెలియదు. నేను శవాన్ని చూస్తున్నాను, బూటును కాదు. ఎస్తేరు రాణి పై పెదవి ఎత్తి పళ్ళన్నీ బయటపెట్టడం చూశాను. అదే దాని ఒప్పుకోలు.

ఆడవాళ్ళు "ప్రభువా!" అని కేక పెట్టారు. టైటస్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఎజ్రా తన చేతిగుడ్డతో నిమ్రాడ్ ముఖం తుడిచి, తలను సరిగ్గా పెట్టాడు. "ఇప్పుడు నువ్వు రామ్మా, సిస్టర్ కెజీయా."

కెజీయా నడిచి వచ్చింది. ఏప్రన్‌లోంచి చెయ్యి తీసి భర్త నుదుటి మీద, ఆ సొట్ట మీదే పెట్టింది. అందరం ముందుకు వంగాం. ఒక్క చుక్క లేదు. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తీసినప్పుడు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యి అయినట్టు.

"ఇక నువ్వు, బరెల్," అన్నాడు ఎజ్రా. "నిన్న నాగలి అడగడానికి వచ్చావటగా?"

"నేనా? వాడు చావకముందే వెళ్ళిపోయాను!"

"ఎప్పుడు చచ్చాడో ఎవరికీ తెలియదే! నీకెలా తెలిసిందయ్యా?"

ఈసారి అందరూ నవ్వారు. బరెల్ వేడి పెనాన్ని తాకినట్టు ఒక్క వేలితో తాకి, ప్యాంటుకు తుడుచుకుని, ఖాళీ బండి తోలుకుంటూ వెళ్ళిపోయాడు.

నిమ్రాడ్ సూబర్ తన సొంత కంచరగాడిద తన్నడం వల్ల పోయాడనీ, ఇందులో మనిషి చెయ్యి ఎవరిదీ లేదనీ తీర్పు రాశాం. రాయడం రాని మిగతావాళ్ళు గీతలు గీశారు, నేను సిస్టర్లు నేర్పిన గొలుసుకట్టు రాతతో సంతకం చేశాను. కెజీయా అందరికీ మొక్కజొన్న రొట్టె, తియ్యటి జొన్నపాకం పెట్టింది. నా గుడ్లు కూడా వేయించింది. ఆ ఏడు పత్తి ఆ కంచరగాడిదతోనే పండించింది. దాని మీద చెయ్యి ఎత్తే ధైర్యం ఆ తర్వాత కౌంటీలో ఎవరికీ లేకపోయింది.

ఇదంతా రాసి, పోయినవారం ఎజ్రాకు చదివి వినిపించాను. తెల్లవాళ్ళు మా వాళ్ళ చేతుల్లోంచి పదవులన్నీ లాక్కుని చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొలిమి అతని అల్లుడు చూస్తాడు, ఎజ్రా పక్కన కూర్చుని తప్పులు పడతాడు. చివరిదాకా విని, ఉమ్మి, అన్నాడు:

"నా పంచనామాలో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. గాయం చూశాం, సాక్ష్యం విన్నాం, తీర్పు రాశాం. మా పదవులు లాక్కున్నవాళ్ళు ఇప్పటికే మేం దయ్యాలనడిగి పాలించామని చెప్పుకుంటున్నారు. నువ్వు వాళ్ళకు కంచరగాడిదను కూడా అందిస్తావా? కెజీయాను విడిపించింది చట్టం. అది రాసుకో."

"మరి నేను కళ్ళారా చూసింది, అంకుల్?"

"నువ్వసలు అక్కడ లేవు," అన్నాడు.