చెరకు తోట మ్యాప్

చెరకు కోత అంచుల నుంచి మొదలవుతుంది. కోసేకొద్దీ లోపల దూరిన అడవిపందులు మధ్యకి జరుగుతాయి. ఆఖరికి తోట మధ్యలో ఇంటి వాకిలంత ముక్క మిగులుతుంది. అప్పుడు కత్తులు పక్కన పెట్టి, కర్రలు పట్టుకుని అందరం దాని చుట్టూ నిలబడతాం. పంది ఎవడి పక్కనుంచి తప్పించుకుపోతే వాడి పని అయిపోయినట్టే. మళ్ళీ కోతల దాకా ఊరంతా వాణ్ణి ఏడిపిస్తుంది.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టులో ఆ కోతనే ఆటగా మార్చాను. మా టీమ్ చేసింది పదిమంది ఒకేసారి ఆడే షూటింగ్ గేమ్. అందులో మ్యాప్ నాది. గట్లు, కాలువలు, ఎక్కడ దాక్కోవాలో, ఎక్కడ చావాలో అన్నీ నేనే కట్టాను. చెరకు దానంతటదే అంచుల నుంచి తెగిపడుతూ వస్తుంది. లోపల దాక్కున్నవాడు చివరి ముక్కలోకి రావాల్సిందే. బయటవాళ్ళు కాచుకుని ఉంటారు. ఆడి చూడ్డానికి వచ్చిన జూనియర్లు చస్తూ, మళ్ళీ పుడుతూ, మళ్ళీ చస్తూ ఒకటే కేకలు. చూస్తుంటే ఎంత హాయిగా ఉండేదో!

మా టీమ్ లీడరు స్లైడ్లు చేసేవాడు. పని సున్నా, మాటలు తేనె. కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చి గేమ్ చూస్తారని, టీమ్‌లో ఒక్కరికే ఉద్యోగం ఇస్తారని తెలిసింది. అది నాదే అనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

మేడమ్ వచ్చి, తనూ ఆడతానని కూర్చున్నారు. ఆవిడకి ఆట రాదు. చెరకులో దూరి అక్కడే ఉండిపోయారు. కోత ముగిసేసరికి చివరి ముక్కలో ఆవిడ, బయట అటు లీడరు, ఇటు నేను.

"ఇటు ఖాళీ మేడమ్, వచ్చీండి" అని లీడరు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ నవ్వుతూ పరుగెత్తారు. నేను కాల్చేశాను. రెండో ఆటలోనూ అంతే, మూడో ఆటలోనూ అంతే. వెనక నుంచి ల్యాబ్ సార్ నా భుజం గట్టిగా నొక్కుతున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, "మ్యాప్ చాలా బాగుంది. ఎవరు చేశారు?" అన్నారు.

"అందరం కలిసే సేసేం మేడమ్" అన్నాడు లీడరు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ నావైపు తిరిగారు. "నీతో ఎవరైనా రెండోసారి ఆడతారా బాబూ?" గదంతా పగలబడి నవ్వింది. ఉద్యోగం వాడికిచ్చారు.

ఇంటికెళ్ళేసరికి నాన్న అన్నం తింటున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయనకి మ్యాప్ సంగతి అర్థం కాలేదు గానీ మిగతాది బాగానే అర్థమైంది.

"అయితే దారిచ్చి ఒగ్గీసినోడికా ఉజ్జోగం ఇచ్చీసేరు?"

"అవును."

"నువ్వు మాత్రం ఒగ్గలేదు కదా?"

ఆ గొంతులో గర్వం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒగ్గలేదు. చెరకు తోటలో కర్రిచ్చి నువ్వు నేర్పింది అదే కదా. నీ కడుపున పుట్టినందుకు ఇంకేటీ రాదు నాకు" అన్నాను.

నాన్న చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. అందులోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అమ్మ నన్ను తిట్టడం మొదలెట్టింది. నేను కంచం ముందేసుకుని, మారు వడ్డించుకుని మరీ తిన్నాను.