లేతగా ఉందని పెట్టిన మేత

1948 సెప్టెంబరు, పోలీస్ యాక్షన్ జరిగిన వారం. సికింద్రాబాద్ పశువుల ఆస్పత్రిలో నేను స్టాక్‌మన్‌ని, అంటే డాక్టరు గారి పక్కన సూదులు, మందులు, కట్లు చూసుకునే మనిషిని. ఆస్పత్రి మూతపడటంతో అల్వాల్‌లోని అద్దె ఇంట్లోనే కూర్చున్నాను. మాది గుంటూరు. వచ్చి ఆరేళ్లయినా ఊరి గుసగుసలంటే నాకు బెరుకే.

మా వెనక వీధిలో రహీంబీకి రెండు గేదెలు, ఎకరం చేను ఉండేవి. భర్త పోయాక పాలమ్ముకుంటూ ఒక్కతే నెట్టుకొచ్చేది. పేడ ఒక్క తట్ట కూడా బయటికి పోనిచ్చేది కాదు. కొట్టం కడిగిన నీళ్లు సైతం కాలువ తీసి చేనుకే పారించేది. గట్టు మీద చెక్క పెట్టెల్లో తేనెటీగలను పెంచేది. ఆ గొడవల్లో భయపడి పాతబస్తీలో అక్క ఇంటికి వెళ్తూ గేదెల్నీ ఇంటి తాళాన్నీ పక్కింటి నర్సింహులుకు అప్పజెప్పింది. అతను కార్ఖానాలో మిలిటరీ దుస్తులు కుట్టే దర్జీ. కత్తెర పట్టిన చేయే గానీ కొడవలి పట్టింది కాదు.

నాలుగో రోజు పొద్దున అతను పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుపోయాడు. మేం చేరేసరికే ఒక గేదె పోయింది. రెండోది వణుకుతూ రొప్పుతోంది, మూతి నిండా నురగ. కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉంది. గాడిలో జానెడు జొన్న పిలకలు మిగిలి ఉన్నాయి. ఇంకేం చూడనక్కర్లేకపోయింది.

కోసిన జొన్న మోళ్ల నుంచి, వాన మొహం చాటేసినప్పుడు లేచే పిలకల్లో విషం ఉంటుంది. రైతులు నాము అంటారు, మేము సైనైడ్ పాయిజనింగ్ అని రాస్తాం. పాడి ఉన్న ఇళ్లలో ఇది ఉగ్గుపాలతో వచ్చే తెలివి. దర్జీకి ఎవరు చెప్తారు? అయినా నా నోరు ఊరుకోదు కదా, ఎండుగడ్డి వాము అంత ఎత్తున కనబడుతుంటే ఇదెందుకు పెట్టావని కసిరాను.

“లేతగున్నదని ఏరి ఏరి కోసిన సారూ. ఇంటామె లేక బర్రెలు బెంగ పెట్టుకున్నయని,” అన్నాడు.

నా సంచిలో హైపో ఉంది. సోడియం థయోసల్ఫేట్ అన్నమాట, ఫోటోలు కడిగేవాళ్లు వాడే ఉప్పే. ఈ విషాన్ని విరుస్తుంది. కాచిన నీళ్లలో కరిగించి మెడ నరంలోకి ఎక్కించాను. తర్వాత బెల్లం నీళ్లు తాగించడం మా అలవాటు, కానీ దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రహీంబీ ఇంట్లో తేనె ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఉండి కూడా తాళంచెవి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“మందుకని దాచుకున్న తేనె సారూ. ఆమెనడగకుంట ఎట్ల దీస్త?”

గట్టిగా అరిస్తే గానీ కదల్లేదు. జాడీని రెండు చేతులతో తెచ్చాడు. నీళ్లలో కలిపి వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా పోశాం. మధ్యాహ్నానికి గేదె లేచి నిలబడింది. బతికించింది హైపో అని నేనూ, తేనె అని అతనూ. ఆ పంచాయితీ ఎప్పటికీ తేలలేదు.

గేదె లేచినా అతని మొహంలో నెత్తురు లేదు. ఆ వారంలో, హిందువు చేతి మేత తిని ముస్లిం ఇంటి గేదె చచ్చిందంటే ఊరు ఎన్ని మాటలు అల్లుతుందో నాకూ తెలుసు.

“కావాల్నని విషం పెట్టిండంటరు. రహీంబీ సుత గట్లనే అనుకుంటే నేను బతికి ఏం ఫాయిదా? నాము తోనే సచ్చిందని రాసియ్యి సారూ,” అన్నాడు.

సర్టిఫికెట్ ఇచ్చే అధికారం స్టాక్‌మన్‌కు లేదు. అయినా రాసి సంతకం పెట్టాను.

మూడు రోజులకు రహీంబీ తిరిగొచ్చింది. నర్సింహులు రమ్మంటే నేనూ వెళ్లాను. అతను జరిగింది చెప్పి, కాగితం ఇవ్వబోయాడు. ఆమె అందుకోలేదు. ఖాళీ గుంజ దగ్గర కాసేపు నిలబడి కళ్లు తుడుచుకుంది.

“కాయితం ఎందుకన్నా? నమ్మకనే తాళం ఇచ్చిపోయిన్నా? పరేషాన్ల నాము ముచ్చట నీకు చెప్పకపోతిని. తప్పు నాదే,” అంది.

నర్సింహులు అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. మగవాడినని దాచుకోలేదు.

మరుసటి ఏడు ఆమె జొన్నలో అలసందలు కలిపి చల్లింది. నేలకు బలం, గేదెకు మేత, తేనెటీగలకు పూలు. జొన్న పూతకు వచ్చేదాకా కొడవలి పెట్టనిచ్చేది కాదు. నేనూ ఒకటి నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఏ కొట్టంలో అడుగుపెట్టినా ఏం మేసిందని అడుగుతాను గానీ, ఎందుకు పెట్టావని కసరను.

ఆ ఏడు తేనె తీసినప్పుడు నర్సింహులు చేతికిచ్చి నాకొక సీసా పంపింది. బిరడా వదులుగా ఉందేమో, కాగితం చుట్టి బిగించారు. విప్పి చూస్తే నా రాతే, నా సంతకమే.