తలుపు మీద ఎర్ర తువ్వాలు

మా పక్కింటి టీచరమ్మ మొన్న ఆదివారం పొద్దున పోయారు. మూర్ఛ వచ్చి పోయారని గల్లీ అంతా అనుకుంటోంది. నేను నమ్మను. నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లోవాళ్లంటారు, అననివ్వండి.

ఆవిడ కోస్తా నుంచి వచ్చి, సికింద్రాబాద్‌లో మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ఒంటరి మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఎక్కడైనా ఏదైనా మాడుతోందా అని అడిగేవారు. ఎవరి పొయ్యి మీదా ఏమీ మాడేది కాదు. ఆవిడ మాత్రం గబగబా వెళ్లి, తలుపుకున్న మేకుకు ఎర్ర తువ్వాలు తగిలించి, తలుపు దగ్గరగా వేసుకునేవారు. బావి దగ్గరకు ఒంటరిగా వెళ్లేవారు కాదు. పొయ్యి చుట్టూ ఇటుకలు ఎత్తుగా పేర్చుకున్నారు. చీకటి పడితే చాలు, ఎంత పనున్నా పడుకునేవారు. "నిద్ర చెడగొట్టుకుంటే నాకు నేనే శత్రువుని," అనేవారు.

అవి పోలీసు యాక్షన్ రోజులు. ఎవరు ఎవరి మనిషో తెలియదు. మా గల్లీలో కట్టెల దుకాణం తాత నన్ను పిలిచి, "ఆ తువ్వాల ఎవరికో నిశాని. జెర నిగా పెట్టు బిడ్డా," అన్నాడు. చెప్పకముందే పెట్టాను.

ఒక మధ్యాహ్నం తువ్వాలు వేలాడగానే తాత, మరో ఇద్దరు తలుపు తోశారు. వెనకే నేను. లోపల పరాయి మనిషెవరూ లేరు. టీచరమ్మ చాప మీద కొట్టుకుంటున్నారు. తల కింద దుప్పటి మడత, కళ్లద్దాలు దూరంగా గూట్లో. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా అలవాటు కదా, ముగ్గురూ పరుగెత్తి తాళాలగుత్తులు తెచ్చి ఆవిడ గుప్పిట్లో కుక్కారు. తెలివొచ్చాక, గీసుకుపోయిన వేళ్లు చూసుకుని టీచరమ్మ నవ్వారు.

"తాళాలు మీ ఇళ్లకేసుకోండి నాయనా. నన్నో పక్కకి తిప్పి, తగ్గేదాకా కూర్చోండి. చాలు."

మూర్ఛ వచ్చేముందు ఆవిడకి మాడు వాసన తగులుతుందట; చదువుకోడానికి వచ్చే పిల్లలు చూసి జడుసుకోకూడదనే ఆ తువ్వాలట. బడిలో తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని నా చెయ్యి పట్టుకుని బతిమాలారు.

"గీ గల్లీల మాట గీ గల్లీలనే ఉంటది టీచరమ్మా," అన్నాడు తాత.

నాకు నమ్మకం కలగలేదు. ఆనాటి నుంచి నిఘా గల్లీ మీదికి మళ్లించాను. బడివైపు ఎవరు అడుగేసినా ఎందుకని అడిగేదాన్ని, తాతతో సహా. రాజ్యం మారింది గానీ మాట గల్లీ దాటలేదు. చివరిదాకా ఆవిడ పాఠాలు చెప్పారు. తువ్వాలు కనబడితే ఎవరో ఒకరం వెళ్లి పక్కన కూర్చునేవాళ్లం.

ఆదివారం చర్చి గంట మోగినా బయటికి రాకపోతే, తలుపు తోసింది నేనే. చాప చుట్టినది చుట్టినట్టే మూలనుంది. కుర్చీలో కూర్చునే ఉన్నారు, కళ్లద్దాలు పెట్టుకునే. మూర్ఛ కాదు, గుండె ఆగిందని డాక్టరు చెప్పినా గల్లీ వినలేదు. ఈ జబ్బుతో బతుకుతాను గానీ దీని చేతిలో చావనని ఆవిడ అనేవారు. మాట నిలబెట్టుకున్నారు. ఉతికి మడతపెట్టిన ఎర్ర తువ్వాలు పెట్టె మీదే ఉంది.

ఆవిడ లేరని తెలిసినా ఊరుకోలేకపోతున్నాను. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి, ఆ తలుపు చూసొస్తున్నాను. మేకు ఖాళీగా ఉంటోంది.