సోమవారం సీటు కవర్లు

మునెప్పకు ఆదివారమంటే రోత. గురుబరపల్లి మనిషి, ఇరవై ఏళ్లుగా టెంపో ట్రావెలర్ తోలుతున్నాడు. హోసూరు అపార్టుమెంట్ల వాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని రాయకోట, కృష్ణగిరి డ్యాము, తళి, జవళగిరి అడవి అంచు, అన్నీ ఒక్క రోజులో తిప్పి దించాలి. ఒక్కో చోట అరగంటే. ఆ అరగంటలో వాళ్లు చూసుకునేది ఫోన్లో తమ మొహాలనే. తినడం మాత్రం దారి పొడుగునా. కోడి బొక్కలు కిటికీలోంచి పడతాయి, పిల్లల డైపర్లు సీటు కిందికి పోతాయి, సీసాలు ఏనుగులు నడిచే దారిలో పగులుతాయి. మలుపులు మొదలయ్యాక తిన్నదంతా సీట్ల మీదికి వస్తుంది. చదువుకున్నవాళ్లకు కడుపు మీద అదుపుండదని మునెప్ప సిద్ధాంతం. నేను కాదనలేను. నెల్లూరు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన కొత్తలో ఆ బండిలో కక్కినవాళ్లలో నేనూ ఉన్నాను.

బండి ఇల్లు చేరాక అతను ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కవర్లు ఊడదీసి, కర్రతో ఎత్తి నీళ్లతొట్టి పక్కన పడేస్తాడు. అక్కడితో అతని పని సరి. సోమవారం వాటిని ఉతికేది భార్య పుట్టమ్మ. ఎవరి కంపు వారికింపు అంటారు గానీ, ఊరందరి కంపూ ఆమె చేతుల్లోనే పడేది.

"ఒక్క తూరి నన్నూ పిల్చుకొని పో. ఆ జవళగిరి యాడుందో చూస్తాను" అని ఏటా అడిగేది.

"ఆడేముందే, కసువూ కంపూ" అనేవాడు మునెప్ప.

పోయిన ఆషాఢంలో ఒక గుంపు ఆఖరి నిమిషంలో రామన్నారు. కడిగిన బండి వాకిట్లోనే ఉంది. మునెప్ప ఫోను పెట్టేసి చూసేసరికి పుట్టమ్మ మంచి చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. దిగమనలేక బండి తీశాడు.

తళి దాటాక ఆమె మొహం తెల్లబడింది. "ఆపు" అనేలోపే అయిపోయింది, చీర మీదా, సీటు మీదా.

"నువ్వు కూడానా" అన్నాడు మునెప్ప, మొహం చిట్లించి.

పుట్టమ్మ తల ఎత్తలేదు. కొంగుతో సీటు తుడవసాగింది. "ఇంటికి పోదాంలే. రేపు ఉతికేస్తాను" అంది.

ఇన్నేళ్లు అడిగి వచ్చిన మనిషి, చూడాల్సిన చోటికి ఇంకో రెండు మలుపులుండగా, సీటు గురించి మాట్లాడుతోంది. మునెప్పకు తన మీద తనకే రోత పుట్టింది. తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాడు. బండి వెనక్కి తిప్పలేదు. జవళగిరిలో టీకొట్టు కొళాయి దగ్గర ఆపి, "నువ్వు పోయి కొండలు చూసిరా. కవరు నేను చూసుకుంటాను" అన్నాడు.

ముక్కుకు కట్టుకుందామంటే తువ్వాలు లేదు. మూసుకుందామంటే చేయి ఖాళీ లేదు. రెండుసార్లు డోకు వచ్చింది. కవరు తెల్లబడింది గానీ, సబ్బుతో మూడుసార్లు కడిగినా చేతుల వాసన వదల్లేదు.

గంట తర్వాత పుట్టమ్మ తేటపడిన మొహంతో వచ్చింది. "మబ్బులు కొండల మీదికి దిగినాయి. శానా బాగుంది" అంది.

మునెప్ప చేతులు వాసన చూసుకుంటున్నాడు. "ఇది ఎప్పటికి పోతాదే?" అని అడిగాడు.

"బుధవారానికి పోతాది" అంది పుట్టమ్మ. "మళ్లా సోమవారం వస్తాది."