చూసినందుకు యాభై

మా కొండల ఊరు నారిన్ బజారులో నా దారాల కొట్టు పక్కనే, కుట్టుమిషన్లు బాగుచేసే ఎసెన్ అన్న కొట్టు. రెండూ పాత ఇనప కంటెయినర్లే. ఎసెన్ అన్న చెవి ఆనించి చక్రం ఒక్క తిప్పు తిప్పాడంటే మిషను రోగం తెలిసిపోయినట్టే. చేతిలో పనితనముంది గానీ, పాపం నోట్లో నాలుక లేదు. మిషను విప్పి, తుడిచి, ఏం పాడైందో విడమరిచి చెప్పేవాడు. అదంతా ఉచితం. జనం విని, తలూపి, మిషను ఎత్తుకుని గేటు దగ్గర చవగ్గా చేసేవాడి దగ్గరికి పోయేవాళ్లు. సొమ్మొకడిది, సోకొకడిది! నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం మోసుకుపోవడానికి వీలుగా తాడు కూడా కట్టి ఇచ్చేవాడు.

ఒకరోజు ఆయన భార్య జూరా అట్టముక్క మీద "చూసినందుకు యాభై సోములు" అని రాసి వేలాడదీసింది.

"ఏమయ్యా, చలికాలం వచ్చేలోగా అడగడం నేర్చుకో. లేకపోతే కొట్టు ఎత్తేసి, మాస్కోలో మా తమ్ముడి దగ్గర మంచు ఊడ్చుకుందువుగాని" అంది.

"సర్లేవే, అడుగుతాను" అన్నాడు. అడిగే మొహమేనా అది!

మొదటి బేరం బురుల్ అవ్వ. బొంతలు కుట్టి అమ్ముతుంది. ఆవిడ నోరంటే బజారంతా హడలు. శాలువాలో చుట్టి తెచ్చిన మిషను బల్ల మీద పెట్టి, అట్ట చదివింది.

"ఏమిట్రా ఈ చోద్యం? కొత్త కోడలి మొహం చూసినా, పురిటి బిడ్డను చూసినా, కానుక చదివించాల్సింది చూసినవాడు కదరా! నా మిషను మొహం చూస్తావా? అయితే నువ్వే తియ్యి చూపుల కానుక, కోరుమ్‌దుక్!"

బజారు గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వకుండా ఎలా? ఎసెన్ అన్న చెవులదాకా ఎర్రబడి, జేబులోంచి యాభై తీసి మిషను మీద పెట్టేశాడు! జూరా చేతిలో కెటిల్ ఠక్కున దించి ఇంటికి వెళ్లిపోయింది.

అప్పుడు మిషను విప్పి చాలాసేపు చూశాడు.

"అవ్వా, లోపల ఇరుసు చీలింది. అతికినా నిలవదు. దీనిమీద డబ్బు పొయ్యకు."

"శుభమా అని తెస్తే ఇదా నువ్వు చెప్పేది!" అంటూ అవ్వ యాభైతో సహా మిషను ఎత్తుకుపోయింది. గేటు దగ్గరివాడు భేషుగ్గా చేస్తానని గొర్రెపిల్ల ఖరీదు గుంజాడు. బొంత సగంలో ఉండగానే ఇరుసు రెండు ముక్కలైంది.

ఈలోగా వచ్చినవాడల్లా "కోరుమ్‌దుక్ ఎంతిస్తావన్నా?" అని ఆట పట్టించడమే. ఎసెన్ అన్న అట్టను గోడవైపు తిప్పేశాడు.

తర్వాతి బజారు రోజున బురుల్ అవ్వ వట్టి చేతులతో వచ్చింది. ఆయన యాభై ఆయన ముందు పెట్టి, పక్కన ఇంకో యాభై పెట్టింది.

"నీ మాట వినుంటే గొర్రెపిల్ల మిగిలేదిరా నాయనా" అంది. అట్టను మళ్లీ ఇటు తిప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటినుంచి బజారు రోజుల్లో ఆవిడదే వసూలు. ఎవడైనా కోరుమ్‌దుక్ అన్నాడో, "నీది కొత్త కోడలట్రా? నాలాంటి ముసలి డొక్కు! నా మొహం చూసి ఎవడైనా ఒక్క సోము రాల్చాడా?" అనేది. నవ్వుకుంటూ ఇచ్చేవాళ్లు. ఆ కాసేపూ ఎసెన్ అన్న తల మిషనులో దూర్చేసేవాడు.

"అవ్వ ఎన్నాళ్లని కూర్చుంటుందక్కా? చలి ముదురుతోంది" అని జూరా నా దగ్గర బెంగపడింది.

మొదటి మంచు పడ్డ వారం అవ్వ మనవడి పెళ్లికి వెళ్లింది. ఆరోజు ఒక పంతులమ్మ మిషను తెచ్చింది. జూరా టీ పోస్తూ ఆగిపోయింది. నేను దారపు రీళ్లు సర్దడం మానేశాను. ఎసెన్ అన్న ఖాళీ స్టూలు వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూసినందుకు... యాభై అండీ. పనికిరాదని చెప్పినా యాభయ్యే."

"అలాగే" అంది ఆమె, చేతి తొడుగు తీస్తూ. అంతే!

జూరా తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంటూ నా కొట్టులోకి వచ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

"మా తమ్ముడికి ఫోన్ చేస్తానక్కా, మా ఆయన రావట్లేదని" అంది.